గంజి తాగని విమానం

శుభవార్త వచ్చేసరికి నేను గుమ్మడి వడియాలు వేయిస్తున్నాను. కాపురానికి వచ్చాక నూనె సరిగ్గా కాగింది ఆ రోజే. వేసిన వడియం వేసినట్టు పువ్వులా విచ్చుకుంటుంటే నా సంబరం ఇంతా అంతా కాదు. అప్పుడే ఫణీంద్ర ఫోన్ పట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చాడు.

"చారూ! ఇచ్చేశారు! హంస మళ్ళీ ఎగరడానికి అనుమతి ఇచ్చేశారు!"

నా చేతిలో చిల్లుల గరిటె ఉందని కూడా చూడకుండా నన్ను అమాంతం ఎత్తబోయాడు. బెత్తెడు లేపాడో లేదో మళ్ళీ కింద పెట్టేసి, స్టవ్ గట్టు పట్టుకుని రొప్పుతూ నవ్వాడు.

"పెళ్ళయ్యాక బరువెక్కావోయ్!"

"నేనా? మీ అమ్మ పంపిన సున్నుండలు బరువెక్కాయి. అవి నాలో ఉన్నాయి, అంతే."

పెళ్ళైన కొత్తలో అరకు దగ్గర వాగులో ఇదే మనిషి నన్ను ఎత్తుకుని అవతలి ఒడ్డుకి దాటించాడు. ఒడ్డున పిల్లలు ఈలలు వేస్తే నన్ను దించకుండా ఇంకాస్త దూరం నడిచాడు కూడా. ఆ సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. అంతకుమించి ఏమీ తోచలేదు. ఈలోగా వడియాలు మాడిపోయాయి. మాడినవే ఇద్దరం పోటీ పడి తిన్నాం.

హంస మేం పనిచేసే సంస్థలో పుట్టిన విమానం. మా సుభాషిణి మేడమ్ జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, తెల్లబడ్డాక పూర్తిచేసిన చర్మంతో తయారైంది. చర్మం అని ఊరికే అనడం లేదు. దాని నేల, గోడ, పైకప్పు అంతా ఒకే పొర. ఆ పొరలో వెంట్రుకల్లాంటి నాళాలు, నాళాల్లో జిగురు, ఆ జిగురులో కంటికి కనిపించని జీవులు ఉంటాయి. ఎక్కడ చిరిగితే అక్కడికి ఆ జీవులు చేరతాయి. సాలీడులా దారం తీసి, నేసి, పూడ్చేస్తాయి. జిగురే వాటి తిండి. దానికి మేం పెట్టుకున్న పేరు గంజి. హంసకి గంజి పట్టించే పని అప్పలస్వామిది.

పోయిన కార్తీకంలో హంస మబ్బుల మీద ఉండగా రెక్కల వెనక పైకప్పు ఒక గది అంత మేర లేచిపోయింది. ఇంత దెబ్బ తిని కూడా నేలకి చేరిన విమానాలు లోకంలో లేకపోలేదు. అవి కొంత పైలట్ల చేతి చలవ వల్ల, మిగతాది అదృష్టం వల్ల చేరాయి. హంస అదృష్టం మీద ఆధారపడలేదు. పైలట్ కిందికి దించుతుండగానే చిరిగిన అంచులు ముత్యపుచిప్పలా మెరుస్తూ ఒకదానివైపు ఒకటి పాకాయట. విశాఖ రన్‌వే కనిపించేసరికి కలిసిపోయాయట. లోపలున్న నూట నలభై మందీ నడుచుకుంటూ దిగారు.

ఆ రోజు మా సంస్థ తరఫున చర్మం తీరు చూడటానికి అందులో ప్రయాణించింది ఫణీంద్ర. గాలికి ఎగిరిపోబోతున్న ఒక పసిపిల్లని సీటుకి అదిమి పట్టుకున్నాడు. అప్పుడు చిరిగిన అంచు అతని ఎడమ ముంజేతిని ఎముక దాకా కోసింది. ఆ అంచు మీది జీవులు గాయంలోకి దిగి, దాన్ని కూడా పూడ్చేశాయి. విమానం ఆగేసరికి చేతి మీద రక్తం లేదు. ముత్యంలా మెరిసే మచ్చ ఉంది. డాక్టర్లు వింతగా చూసి ఫొటోలు తీసుకున్నారు.

"కవలలమ్మా! ఆ ఇమానం, ఈ బాబూ కవలలు!" అని అప్పలస్వామి ఊరంతా చాటాడు.

నేను ఆ మచ్చ చూసే వంకతో రోజూ అతని బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. మాఘంలో పెళ్ళయింది. ఇప్పటికీ ఇంట్లో 'నువ్వు', ఆఫీసులో 'మీరు'. మేడమ్ ఎదుట 'నువ్వు' అని నోరు జారినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి. అదొక సరదా నాకు.

అనుమతి వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే ఫణీంద్ర వేలి ఉంగరం జారి పప్పులో పడింది. ఇద్దరం కంచంలో వెతుక్కుని పగలబడి నవ్వాం.

"మా నాన్న చేయించిన ఉంగరాన్ని మామిడికాయ పప్పులో వేసుకు తింటావా? చిక్కిపోయావు. ఊళ్ళో వాళ్ళు నా వంటనే అంటారు తెలుసా?"

"ఆకలెయ్యడం లేదే. నీ వంట తప్పు కాదు."

"అన్నం తినవు, ఆ హంస గంజి తాగదు. కవలలనిపించుకున్నారు!"

అన్నం తిన్నాక ఉంగరానికి ఎర్ర దారం చుట్టి మళ్ళీ వేలికి తొడిగాను. బిగుతుగా కూర్చుంది. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

మా సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. బాగుపడ్డ విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు, బాగుచేసినవాళ్ళే ఇంటివాళ్ళతో సహా ఎక్కాలి. చేసినవాడే ఎక్కని బండిని ఇంకొకడు ఎందుకు ఎక్కాలని మేడమ్ మాట. అంటే మేమిద్దరం కలిసి ఎక్కబోయే మొదటి విమానం హంస! కిటికీ సీటు నాదేనని ముందే ఒట్టు వేయించుకున్నాను.

మర్నాడు ఉదయం నా సీటు చూసుకోవడానికే హంసని నిలిపిన హ్యాంగర్‌కి వెళ్ళాను. అక్కడ చెప్పులు బయట విడవాలి. ఇసుక రేణువు గీసినా చర్మం లేనిపోని నేత మొదలుపెడుతుందని ఆ నియమం. పెళ్ళికి ముందు ఎన్నోసార్లు ఉత్తి కాళ్ళతో హంసలో తిరిగాను. మెట్టెలతో అదే మొదటిసారి.

తలుపు దగ్గర అడుగు పెట్టగానే టిక్కుమంది. ఇంకో అడుగు. టిక్కు. నా నడకకి ఒక చప్పుడుందని ఆ క్షణం దాకా నాకు తెలీదు! కావాలని కాలివేళ్ళు నొక్కి నొక్కి నడిచాను.

"ఏటమ్మా, గుర్రబ్బండి వచ్చిందనుకున్నాను," అన్నాడు వెనకనుంచి అప్పలస్వామి. "కొత్త మెట్టెలు, కొత్త కాళ్ళు. తొక్కండి తొక్కండి. మా యింటిది కూడా పెళ్ళైన కొత్తల ఇలాగే ఊరు నిద్దర్లేపీసింది."

"దీనికి గంజి పట్టావా, అప్పలస్వామీ?"

"పట్టనేటి? విచారణోలు సీలేసినన్నాళ్ళూ ముట్టుకోనివ్వలేదు గదా. సీలు తీసినకాణ్ణించీ రోజూ పడతన్నాను. ఒక్క సుక్క తాగితే ఒట్టు. కడుపు నిండిపోనాది దీనికి. గాయం మానిపోనాదని అర్థం."

అది మా అందరి నమ్మకం. తాగడం లేదంటే నేత ఆగిపోయింది, నేత ఆగిందంటే గాయం మానింది. అనుమతి కాగితాల మీద సంతకం పెట్టినవాళ్ళ నమ్మకం కూడా అదే. వాళ్ళు మచ్చని వంచి చూశారు, కొట్టి చూశారు, దానిగుండా శబ్దం పంపి చూశారు. అసలు చర్మం కంటే మచ్చే గట్టిగా ఉంది.

రెక్కల వెనక మచ్చ కిందికి రాగానే నా మెట్టె ఖంగుమంది. గుడిగంటని గోటితో మీటినట్టు! జలతరంగిణి మీద నడుస్తున్నట్టుందని సంబరపడి ఇంకా వెనక్కి నడిచాను. చప్పుడు మళ్ళీ మారింది. తోక దగ్గరికి వెళ్ళేకొద్దీ మందంగా, బోలుగా, పండిన పుచ్చకాయని తట్టినట్టు వినిపించింది.

రెండడుగులు ముందుకి వేశాను. మళ్ళీ వెనక్కి వేశాను.

"ఏటయింది?" అన్నాడు అప్పలస్వామి.

పెళ్ళికూతురు ఎటు పోయిందో తెలీదు గానీ, చర్మాల మీద చదువుకున్న పిల్ల మటుకు అక్కడ ఆగిపోయింది. వంగి వేలితో నేలని నొక్కాను. కొత్త అప్పడంలా లోపలికి వంగింది.

"మేడమ్‌ని పిలువు," అన్నాను. "పరుగెత్తు."

సాయంత్రానికల్లా తెలిసిపోయింది. తోకవైపు చర్మం మందం సగం కూడా లేదు. ముక్కువైపు ఇంకా అంత తగ్గలేదు కానీ, తగ్గుతోంది. మచ్చలో నేత ఆగనే లేదు. విచారణ నెలల్లో గంజి అందక, చుట్టూ ఉన్న చర్మాన్నే కరిగించి తినడం మరిగాయి ఆ జీవులు. ఇప్పుడు గంజి పోసినా వాటికి రుచించడం లేదు.

సుభాషిణి మేడమ్ కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎప్పుడూ పెన్ను తిప్పుతుండే ఆ చేతులు కదలకుండా ఉండటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"అందరం మచ్చనే చూశాం," అన్నారు. "ముద్దొచ్చేలా ఉంది కదా. దాన్నే చూశాం."

"తిండి మార్చి చూద్దాం మేడమ్," అన్నాడు ఫణీంద్ర.

చూశాం. మచ్చలోంచి ఒక ముక్క, తోకలోంచి ఒక ముక్క తీసి, రెండూ ఆనుకునేలా ఒకే తొట్టిలో పెట్టాం. ఇంకా చిక్కటి, తియ్యటి గంజికి నీలం రంగు కలిపి పోశాం. రంగంతా మచ్చలోకే వెళ్ళింది. తెల్లారేసరికి తోక ముక్క వెలుతురు కనబడేంత పల్చబడింది. మచ్చ మాత్రం నీలి ముత్యంలా మెరుస్తోంది. ఎంత బాగుందో! అలా అనిపించినందుకు నాకే భయమేసింది.

అయితే మచ్చనే కోసి తీసేద్దాం అన్నాను. మచ్చ ఉన్న ఇంకో ముక్క తెచ్చి, మచ్చకి దూరంగా మంచి చర్మంలో కోశాం. కోత కూడా గాయమే కదా. కోసిన అంచు మధ్యాహ్నానికి ముత్యపు రంగు తిరిగింది. అక్కడ కొత్త మచ్చ మొదలైంది. ఎక్కడ కోసినా అంతే అయింది. ఆ జీవుల్ని చంపగలిగేది ఉడికించే వేడి ఒక్కటే. ఆ వేడికి చర్మం కూడా మిగలదు.

మూడో ముక్క అంచు కూడా మెరవడం మొదలుపెట్టినప్పుడు, ఫణీంద్ర చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించి గుండీ పెట్టుకున్నాడు.

నేను చూశాను. నేను చూసింది అతను చూశాడు. వేలి ఉంగరానికి నేను చుట్టిన ఎర్రదారం కూడా వదులైపోయి కణుపు మీద వేలాడుతోంది.

మేడమ్ కుర్చీలోంచి లేచి, అతని చొక్కా చేతిని తనే మళ్ళీ పైకి మడిచారు. ముంజేయి నున్నగా, బలంగా, అందంగా ఉంది. పైన భుజం మాత్రం చొక్కాని తగిలించిన కొంకిలా ఉంది.

"ఎప్పట్నుంచి, ఫణీ?"

"చారూని ఎత్తలేకపోయిన రోజు అనుమానం వచ్చింది మేడమ్. మెట్టెల సంగతి విన్నాక తెలిసిపోయింది."

"నువ్వు నాకు చెప్పలేదు!" అన్నాను. మేడమ్ ఎదుట నువ్వు అన్నానని ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

"కిటికీ సీటు దొరికిందని గంతులేస్తున్నావు. ఆ రెండ్రోజులూ నీకు ఉంచుదామనుకున్నాను."

టౌన్లో ఎక్స్‌రే తీశారు. ముంజేతి ఎముక శంఖంలా తెల్లగా మెరిసిపోతోంది. మిగతా ఎముకలు మంచు పట్టిన కిటికీలోంచి చూసినట్టు మసగ్గా ఉన్నాయి. పక్కటెముకలు వెతుక్కుంటే గాని కనబడలేదు. ఆ జీవులకి మా ఇంట్లో దొరికిన గంజి అవే. మందులతో చస్తాయా అని డాక్టర్‌గారు మమ్మల్ని అడిగారు. మేమూ ఆయన్ని అదే అడగబోతున్నాం.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతున్నారు. కారు ఆపమన్నాడు. లేత ముంజ ఒకటి బొటనవేలితో పొడిచి, నీళ్ళు నా నోట్లో పడేలా పట్టాడు. గడ్డం మీద కారితే తుడిచాడు. చల్లగా, తియ్యగా ఉంది. అంత బాగుండే హక్కు దానికి లేదనిపించింది. అయినా ఇంకో డజను కొన్నాం.

మేడమ్ ఆ రోజే విమాన సంస్థకి చెప్పేశారు. హంస ఎగరదు. అదే చర్మంతో తయారైన విమానాలన్నీ దిగిపోవాలి. చిన్న చిన్న దెబ్బలు తగిలి పూడుకున్న మచ్చలు అన్నింటికీ ఉన్నాయి. అవతలివాళ్ళు గట్టిగా వాదించలేదు. మర్నాడు వాళ్ళ మనిషి ఒక్కడే హ్యాంగర్‌కి వచ్చి, నేలని తన బొటనవేలితో నొక్కి చూసుకుని వెళ్ళిపోయాడు.

"ఇక మీదట ఏదైనా విమానానికి పైకప్పు లేచిపోతే?" అని అడిగాడు అప్పలస్వామి.

"లేచిపోతుంది," అన్నారు మేడమ్.

మేడమ్ పక్కన బల్ల మీద కాజాల బుట్ట ఉంది. ఫణీంద్ర అదిమి పట్టుకున్న పాప తల్లిదండ్రులు, హంస మళ్ళీ ఎగురుతోందని విని పంపారు. పాప పుట్టినరోజు ఫొటో కూడా అందులో పెట్టారు. ముందు రెండు పళ్ళు, నెత్తి మీద పిలక, చేతిలో బెలూను. ఫణీంద్ర ఆ ఫొటో చాలాసేపు చూశాడు.

"ఇది లేకపోతే ఆ పిల్ల లేదు మేడమ్. నేను మళ్ళీ అక్కడే ఉంటే మళ్ళీ అలాగే చెయ్యి అడ్డం పెడతాను. దీన్ని కనిపెట్టినందుకు మీరేం బాధపడకండి."

మేడమ్ కాజా ఒకటి తీసుకుని సగానికి తుంచి, సగం అతనికి ఇచ్చారు. అతను తినలేకపోయాడు. జేబురుమాల్లో మడిచి పెట్టుకున్నాడు.

కాసేపటికి మేడమ్ బోర్డు దగ్గరికి వెళ్ళి హంస బొమ్మ గీశారు. గీత వంకర పోయింది. మచ్చకి బాగా ముందు ఒక గీటు, బాగా వెనక ఒక గీటు పెట్టారు.

"ముక్కలతో మనం చేసిందంతా చిన్న తొట్టెల్లో," అన్నారు. "ఒళ్ళంతా ఉన్న చర్మంలో ఎలా ఉంటుందో చూడలేదు. ఎలాగూ హంసని తుక్కు చేయమన్నారు. దానికి ముందు నడుము మొత్తం, మచ్చతో సహా, చుట్టూ కోసి తీసేద్దాం. కోసిన వెంటనే అంచుల్ని మంటతో కాలుద్దాం. సాయంత్రం దాకా చూద్దాం. అంచు మెరవకపోతే..."

ఆగిపోయారు.

"మెరవకపోతే డాక్టర్‌గారు నా భుజం దగ్గర కోత మొదలుపెడతారు," అని ఫణీంద్ర పూర్తిచేశాడు. కొట్టుకెళ్ళి ఉప్పు తెస్తానన్నట్టు అన్నాడు.

"భుజం మంటతో కాలుస్తారా?" అన్నాను.

ఎవరూ నా వైపు చూడలేదు. మెరుస్తుందని అందరికీ తెలుసు. తొట్టెలో ప్రతిసారీ మెరిసింది. అప్పలస్వామి ఒక్కడే తల వంచుకుని, కన్ను పైకెత్తకుండా అన్నాడు. "నానే కోస్తాను బాబూ. నా సేత్తో గంజి పోసినాను దీనికి. పరాయోలు కొయ్యకూడదు."

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. అన్నం వండాను. చారు పెట్టాను. మొన్న మిగిలిన వడియాలు వేయించాను. ఒక్కటీ మాడలేదు. ఫణీంద్ర రెండు ముద్దలు తిన్నాడు. వడియం ఒకటి నమిలి, "ఇవాళ బాగా వచ్చాయే," అన్నాడు. ఇంకొకప్పుడైతే ఆ ఒక్క మాటకి ఇల్లంతా తిరిగేదాన్ని. నిజానికి అప్పుడు కూడా ఒక్క క్షణం మనసు గంతేసింది. అదేం మనసో!

ఉంగరం నా చేతికిచ్చాడు. ఇంకా దారం చుట్టడానికి వీల్లేదు, వేలి కంటే దారమే లావవుతుంది. నా పసుపుతాడులోకి ఎక్కించుకుని ముడి వేసుకున్నాను. నడిస్తే అది సూత్రాలకి తగిలి చిన్నగా మోగుతోంది. మెట్టెలకి తోడు ఇంకో చప్పుడు.

అతను వరండాలో చాప మీద కూర్చుని నా కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాడు. మెట్టెల మీద వేలితో మెల్లగా కొట్టాడు. తర్వాత తన ఛాతీ మీద అదే వేలితో కొట్టుకుని నా వైపు చూశాడు. నేను చెవి ఆనించాను. విన్నది చెప్పలేదు. అతను అడగలేదు.

"చారూ, రేపు ఉదయం ఎనిమిదింటికి అప్పలస్వామి కోత మొదలుపెడతాడు," అన్నాడు. "మధ్యాహ్నానికి నడుము ఊడుతుంది. నాలుగింటికి అందర్నీ చెప్పులు విప్పి బయట నిలబడమన్నారు మేడమ్. మిషన్లు ఆపేస్తారు. ఎవరూ మాట్లాడరు. అప్పుడు నువ్వు ఒక్కదానివే లోపలికెళ్ళి, ముక్కు దగ్గర్నుంచి కోసిన అంచు దాకా నడవాలి. అంచు దగ్గర ఖంగుమంటే మచ్చ మళ్ళీ మొదలైనట్టే. గట్టిగా నడు. నేను వింటాను."